సైరను నోట్లో గోనెముక్క

...ఉండే ఉంటుంది. మేకుకు తగిలించిన గోనెముక్క ఊరికే కింద ఎందుకు పడుతుంది? గాలికి పడేంత తేలికైందా అంటే కాదు, యేళ్ళ తరబడి నూనె పీల్చి అట్టలా బిగుసుకుపోయింది. మనిషి చెయ్యి పడితేగానీ కదలదు. కాబట్టి ఆ రోజు అది మేకుకు లేదు, సైరను నోట్లోనే ఉంది. ఆ తొక్కిసలాటలో ఎవరి భుజమో తగిలి జారి ఉంటుంది. అలా అయితే సైరను మోగినా ఒకటే, మోగకపోయినా ఒకటే. అలా అయితే తను చేసిన పనికీ ఎల్లయ్య చావుకీ మధ్య ఒక గోనెముక్క అడ్డం ఉన్నట్టే.

"అలా అయితే" అనే మాట దగ్గరికి వచ్చేసరికి వంశీధర్ మనసు ప్రతిసారీ కాసేపు కూర్చునేది. ఎక్కువసేపు కూర్చోనిచ్చేది కాదు. మూడు వారాలుగా ఇదే వరస. పళ్ళు తోముకుంటూ, గౌలీపురాలో తన గదికి తాళం వేస్తూ, ఇప్పుడు ఈ బస్సులో కిటికీ పక్కన ఇరుక్కుని, అదే మెట్టు ఎక్కడం, అక్కడే కాలు జారడం.

బస్సు మదీనా చౌరస్తా దగ్గర ఆగిపోయి పది నిమిషాలైంది. మే నెల ఎండ సాయంత్రం నాలుగైనా తగ్గలేదు. ముందు సీట్లో ఒకామె లాడ్ బజార్‌లో కొన్న గాజుల పెట్టెను ఒళ్ళో పసిపిల్లలా పట్టుకుని కూర్చుంది. బస్సు కుదిపినప్పుడల్లా పెట్టె మీద అరచెయ్యి వేసి నొక్కుతోంది. వంశీధర్ ఆ చేతినే చూస్తున్నాడు. పట్టుకోవడమంటే అదీ. తను పట్టుకోలేదు.

అతని ఒళ్ళో ఒక సంచి ఉంది. సంచిలో రెండు రకాల కాగితాలున్నాయి. ఒకటి ఉత్తరం. "మేము అమర్చిన సాఫ్ట్‌వేర్ ప్రమాద సమయంలో సక్రమంగా పనిచేసినదని ధ్రువీకరిస్తున్నాము" అని టైపు చేసి, కింద అతని పేరు మీద సంతకానికి ఖాళీ వదిలారు. రేపు పదకొండు గంటలకు ఫ్యాక్టరీల తనిఖీ అధికారి ముందు విచారణ. ఆ లోగా సంతకం పడాలి. రెండోది, ఎనిమిది పేజీల ప్రింటు. ఆ ప్రింటును సరిగ్గా చదవగల మనిషి ఈ ఊళ్ళో అతనొక్కడే.

మూడు వారాల కిందట జహనుమాలో, రామ్‌చందర్ సేఠ్ ఐసు ఫ్యాక్టరీలో అమోనియా లీకైంది. మధ్యాహ్నం రెండూ నలభై ఒకటికి. లోపల ఐసు దిమ్మలు పేర్చే గదిలో తలుపు మూసుకుని పని చేస్తున్న ఎల్లయ్యకు ఆ సంగతి తెలియలేదు. మూడున్నర నిమిషాల తర్వాత తలుపు తీశాడు. అప్పటికి నడవ నిండా గ్యాసే. ఆ గదికి వెనకవైపు, వీధిలోకి దిమ్మలు జార్చే చిన్న కిటికీ తలుపు ఉంది. ముందే తెలిసుంటే అందులోంచి బయటపడేవాడు. తెలియజెయ్యడానికే సైరను పెట్టారు. అది మోగలేదు. గేటు దగ్గర బండికి దిమ్మలు ఎక్కిస్తున్న బాలనర్సింహ వాసన తగిలి లోపలికి పరుగెత్తి, ఎల్లయ్యను కాళ్ళు పట్టుకుని బయటికి ఈడ్చాడు. ఎల్లయ్య బతకలేదు. బాలనర్సింహకు ఒక కన్ను పోయింది, రెండోది మసక. ఎల్లయ్య అతని చెల్లెలు నాగమణమ్మ మొగుడు.

సైరను ఎందుకు మోగలేదన్నదానికి బస్తీ అంతా ఒకే జవాబు చెబుతోంది. గోనెముక్క.

ఫ్యాక్టరీలో వారానికి రెండుసార్లు అమోనియా పాత్ర అడుగున చేరిన నూనెను కిందికి వదులుతారు. వదిలినప్పుడల్లా కాస్త గ్యాసు వస్తుంది. గ్యాసు వస్తే సైరను మోగుతుంది. మోగితే గల్లీ అంతా బయటికొచ్చి నిలబడుతుంది. అందుకని, సైరను బిగిస్తున్న రోజుల్లోనే, పనివాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. నూనె తీసే ముందు గోనెముక్కను మడిచి సైరను నోట్లో కుక్కడం, అయిపోగానే తీసి పక్కన మేకుకు తగిలించడం. ఇది సేఠ్‌కు తెలుసు, వంశీధర్‌కూ తెలుసు. చూసి నవ్వాడు కూడా. ప్రమాదం రోజు పొద్దున పదకొండింటికి నూనె తీసింది బాలనర్సింహ. ప్రమాదం తర్వాత గోనెముక్క మేకుకూ లేదు, సైరను నోట్లోనూ లేదు. కింద నేల మీద పడి ఉంది.

బస్సు కదిలింది. చార్మినార్ పక్కనుంచి షాలిబండ వైపు తిరిగింది. వంశీధర్ కళ్ళు మూసుకున్నాడు.

ఆ పని పోయిన డిసెంబరులో వచ్చింది. నయాపూల్ దగ్గర స్టాంపు కాగితాల కొట్టు పైన రెండు గదుల్లో వాళ్ళ కంపెనీ. రాధాకృష్ణమూర్తిగారు, వంశీధర్, ఫోన్లూ ఫైళ్ళూ చూసే ఉదయశ్రీ, అంతే. వంశీధర్ తండ్రి ఎప్పుడో రేపల్లె నుంచి సర్కారు ఉద్యోగానికని వచ్చి ఈ ఊళ్ళో ఉండిపోయాడు. తల్లీ తండ్రీ పోయాక వంశీధర్ పాతబస్తీలో గది తీసుకున్నాడు. ఆఫీసుకు దగ్గరని చెప్పేవాడు. అసలు సంగతి, ఇక్కడ తననెవరూ పలకరించరన్న ధైర్యం.

ఐసు ఫ్యాక్టరీలో గ్యాసును కొలిచే పరికరాలూ, చలిని కొలిచే పరికరాలూ తీగల ద్వారా సేఠ్ గదిలోని కంప్యూటరుకు చేరతాయి. తీగలతో మాట్లాడే కింది పొర వంశీధర్ సీ భాషలో రాశాడు. దాని పైన ఒక చిన్న స్క్రిప్టు భాష పెట్టాడు. గ్యాసు ఇంత దాటితే సైరను మోగించు, గంటకోసారి చలి ఎంతుందో రాయి, ఇలాంటి నియమాలు అందులో ఉంటాయి. ఒక్కో నియమం ఒక్కో చిన్న ఫంక్షన్. స్క్రిప్టు ఆ ఫంక్షన్‌ను తయారుచేసి కింది పొరకు అప్పజెబుతుంది. సమయం వచ్చినప్పుడు దీన్ని పిలువు, అని. కింది పొర దాని చిరునామా రాసుకుని, నెలలైనా సరే, కాచుకుని కూర్చుంటుంది.

ఇక్కడే ఒక గొయ్యి ఉంది. స్క్రిప్టు భాషకు తన ఇల్లు తనే ఊడ్చుకునే అలవాటు. ఏ వస్తువును ఎంతమంది పట్టుకుని ఉన్నారో ఎప్పటికప్పుడు చూసుకుంటుంది. పట్టుకున్నవాళ్ళు ఒక్కరూ లేరని తేలితే దాన్ని తీసిపారేసి, ఆ చోటు ఇంకొకదానికిస్తుంది. కింది పొర చిరునామా రాసుకున్నంత మాత్రాన పట్టుకున్నట్టు కాదు. "నేనూ పట్టుకున్నాను" అని విడిగా చెప్పాలి. అందుకు ప్రోగ్రాములో ఒక్క వరస రాయాలి. రాయకపోతే ఏమవుతుంది? ఒక మనిషి ఇంటి నంబరు జేబులో ఉన్నంతమాత్రాన ఆ మనిషి అక్కడే ఉంటాడా? ఖాళీ చేసి వెళ్ళిపోతాడు. అదే గదిలో ఇంకెవరో దిగుతారు. చావు కబురు మోసుకొచ్చినవాడు మాత్రం ఆ తలుపే తడతాడు.

ఆ వరస రాయాలని వంశీధర్‌కు తెలుసు. తెలియక చేసిన తప్పైతే ఇన్ని రాత్రులు నిద్ర పట్టకపోయేది కాదు. తెలుసు, తర్వాత రాద్దామనుకున్నాడు, మర్చిపోయాడు. ఎందుకు మర్చిపోయాడంటే, ఆ వరస లేకుండానే అంతా బాగా నడిచింది కాబట్టి. ఎందుకు నడిచిందంటే, పరీక్షల కోసమని అతను వేరే ఒక జాబితా పెట్టుకున్నాడు. ఏయే ఫంక్షన్లు అప్పజెప్పారో తెర మీద చూసుకోవడానికి వాటన్నిటినీ అందులో వేసేవాడు. ఆ జాబితాయే వాటిని పట్టుకుని నిలబెట్టింది. అతనికి ఆ ఊహే రాలేదు.

జనవరిలో బిగింపు అయిపోయింది. ఎల్లయ్య అమోనియా సీసాలో గుడ్డ తడిపి పరికరం ముందు పట్టుకున్నాడు. సైరను లేచింది. గల్లీలో ఆడవాళ్ళంతా చేతుల పిండితో సహా బయటికొచ్చారు. ఎల్లయ్య చెవులు మూసుకుని నవ్వాడు.

"గిది మొత్తుకుంటె పక్క బస్తీల పండుకున్నోడు గూడ లేస్తడు సార్. మా నాగమణి నోటికన్న మస్తుగుంది."

"నీకు పెండ్లామే గని, నాకు చెల్లె. జెర మంచిగ మాట్లాడు బే," అన్నాడు బాలనర్సింహ వెనకనుంచి.

అందరూ నవ్వారు. వంశీధర్ కూడా. ఆ తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని, అప్పజెప్పే ముందు ఎప్పుడూ చేసే శుభ్రం మొదలుపెట్టాడు. వాళ్ళ కంపెనీలో అదొక నియమం. పరీక్ష కోసం పెట్టినవేవీ మిగలకూడదు. "ఇల్లు అప్పజెప్పేటప్పుడు పరంజా కర్రలు ఉంచుతామటయ్యా?" అనేవారు రాధాకృష్ణమూర్తిగారు. జాబితా కూడా పరంజాయే కదా అని తీసేశాడు. గోడ నిలబడింది పరంజా మీద అని అతనికెలా తెలుస్తుంది? తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. ఇంకొక్కసారి మోగించి చూడడం. అందుకే లేచి సీసా తెమ్మన్నాడు.

ఎల్లయ్య సీసా తేలేదు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"సార్, పక్కింట్ల బాలింత ఉన్నది. మొన్ననే కాన్పయింది. ఇందాక మోగినప్పుడు పిలగాడు ఉలిక్కిపడి గుక్కపట్టిండట. ఒక్కపారి చూసిండ్రు గదా, సాల్దా?"

చాలదు అనవలసింది. గదికి తాళం వేసి, నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి మూడుసార్లు గుంజి చూసుకునే మనిషి అతను. ఆ అలవాటుకు తనమీద తనకే చిరాకు. ఆ రోజు, ఎల్లయ్య ముఖం చూసి, మొదటిసారిగా ఒక మామూలు మనిషిలా "సరేలే" అన్నాడు. అన్నందుకు ఇంటికెళ్ళేదాకా హాయిగా కూడా ఉంది.

ఇంజన్‌బౌలి దగ్గర బస్సు దిగి నడుస్తుంటే ఆ హాయి గుర్తొచ్చి అడుగు వేగం పెంచాడు.

ప్రమాదం జరిగిన మూడో రోజు ఫ్యాక్టరీ కంప్యూటరు తెచ్చి ఆఫీసులో పెట్టారు. అది నిమిషనిమిషం రాసుకున్న చిట్టాను వంశీధర్ తెరిచాడు. రెండూ నలభై ఒకటికి గ్యాసు హద్దు దాటింది. కింది పొర పిలవవలసిన సమయానికే, పిలవవలసిన చిరునామాకే పిలిచింది. కానీ సైరను ఫంక్షన్ ఆ ఇల్లు ఖాళీ చేసి నాలుగు నెలలైంది. ఆ చోట్లోకి ఇంకొకటి వచ్చి చేరింది. గంటకోసారి చలి రాసే ఫంక్షన్. పిలుపు దానికి చేరింది. అది తనకు తెలిసిన పని చేసింది. "ఉప్పునీటి తొట్టి: మైనస్ తొమ్మిది." మరుసటి సెకనుకు మళ్ళీ పిలుపు. "ఉప్పునీటి తొట్టి: మైనస్ తొమ్మిది." గంటకోసారి పడవలసిన వరస, సెకనుకోసారి, రెండు వందల పది వరసలు. ఆ తర్వాత ఎవరో కరెంటు ఆపేశారు.

ప్రింటు తీసిన ఆ ఎనిమిది పేజీలూ చదువుతుంటే వంశీధర్‌కు అర్థమైంది. యంత్రం ఊరుకోలేదు. అరిచింది. అరవడానికి దానికి దొరికిన నోరు అదే.

ఇవాళ మధ్యాహ్నం రాధాకృష్ణమూర్తిగారు ఉత్తరం చేతికిచ్చి, కళ్ళజోడు తుడుచుకుంటూ ఎదురుగా కూర్చున్నారు. మంచి మనిషి. వంశీధర్ తండ్రి పోయినప్పుడు పదిరోజులూ ఇంటినుంచి క్యారేజీ పంపించిన మనిషి.

"ఏమోయ్, సంతకానికి ఇంత ఆలోచనేమిటి? చిట్టా చూసింది నువ్వేగా."

"చూశాను సార్. చలి వరసలు చాలా ఉన్నాయి. గంటకొకటి రావాల్సినవి..."

"అదేనయ్యా నేను రాసింది. రెండో పేరా చూడు. ప్రమాద సమయంలో సైతం సెకను సెకనుకూ ఉష్ణోగ్రత నమోదు చేసింది అని. అంతకన్నా రుజువేం కావాలి? మనిషైతే పారిపోయేవాడు, అది పారిపోలేదు."

"సార్, అవి అన్ని రావడం..."

"ఎక్కువ రాస్తే తప్పటోయ్? తక్కువ రాస్తే తప్పు." ఆయన నవ్వి, అంతలోనే నవ్వు ఆపేశారు. "చూడు నాయనా. ఆ బాలనర్సింహను తప్పుపట్టడం నాకూ ఇష్టం లేదు. కళ్ళు పోయినవాడు. కానీ గుడ్డ కుక్కింది నిజమేగా. సేఠ్ పొద్దున ఫోను చేశాడు. బాలనర్సింహే ఒప్పుకున్నాడట."

"ఒప్పుకున్నాడా?"

వంశీధర్ గొంతులో ఆ ప్రశ్న ఎంత ఆత్రంగా పలికిందంటే, పక్క గదిలో ఉదయశ్రీ తలెత్తి చూసింది.

"మొదట్లో తీశాను తీశాను అన్నాడట. నిన్న మాట మార్చాడట. తీయలేదేమో అన్నాడట. ఇంకేం?"

అక్కడ ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ రెండు వందల పది వరసలూ చలి వరసలు కావు, సైరను పిలుపులు అని. చెప్పలేదు. తన తప్పుకు సాక్ష్యంగా నిలిచిన కాగితం, తను నోరు తెరవకపోవడం వల్లే, తన మంచితనానికి సాక్ష్యంగా మారిపోవడం కళ్ళారా చూస్తూ కూర్చున్నాడు. లోపల ఒక మూల సన్నగా సంతోషం కూడా పుట్టింది. ఒప్పుకున్నాడట. గోనెముక్క ఉందట. ఆ సంతోషానికి ముఖం ఎలా ఉంటుందో చూడాలంటే భయం వేసి, గోడ మీది క్యాలెండరు వైపు తిరిగాడు.

"ఒకసారి అతన్ని చూసి వస్తాను సార్. వచ్చి పెడతాను," అన్నాడు.

"వెళ్ళు. పళ్ళేమైనా పట్టుకెళ్ళు."

పళ్ళు కొనలేదు. పలకరించడానికి పోవడం లేదని అతనికి తెలుసు. గోనెముక్క నిజంగా ఉందని ఆ మనిషి నోటివెంట వినడానికి పోతున్నాడు. విని, సంచిలోంచి ఉత్తరం తీసి, సంతకం చేసుకోవడానికి.

బాలనర్సింహ ఇల్లు ఐసు ఫ్యాక్టరీ వెనక గల్లీలో. ఒకే వాకిలి, ఎదురెదురుగా రెండు తలుపులు, మధ్యలో ఒక నల్లా. ఒక తలుపు అన్నది, ఒకటి చెల్లెలిది. నాగమణమ్మ నల్లా దగ్గర బిందె నింపుకుంటోంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. కొత్తగా వచ్చిన మనిషిని చూసి లేవలేదు. బిందె మీదినుంచి కళ్ళు కూడా తిప్పలేదు.

"బాలనర్సింహ ఉన్నారాండి?"

"యాడికి పోతడు? కండ్లున్నోళ్ళే ఏడికో పోతరు." నల్లా కట్టేసింది. "మీరు గూడ గోనె గురించేనా? పోయి అడుగుండ్రి. పోలీసోల్లు అడిగిండ్రు, సేఠ్ అడిగిండు, పేపరోల్లు అడిగిండ్రు. మీకు బెత్తెడు కావాల్నో, మూరెడు కావాల్నో, మా అన్ననడిగి కోసుకొని పోండ్రి."

బిందె చంకనెత్తుకుని తన తలుపు వైపు నడిచింది. లోపలికి పోయి తలుపు వేసుకుంది.

బాలనర్సింహ గడప దగ్గర, గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒక కంటికి దూది కట్టు. రెండో కన్ను ఎర్రగా, నీళ్ళు కారుతూ. గడప పక్కన నేల మీద స్టీలు గిన్నెలు బోర్లించి ఉన్నాయి. పెద్దవీ చిన్నవీ కలిపి ఆరో ఏడో.

"ఎవలు?"

"వంశీధర్‌ని అండి. కంప్యూటర్ పెట్టిన..."

"అరె, కంపూటర్ సారా. కూసోండ్రి సార్. ఇంట్ల ఎవలు లేరు, మా ఆమె పనికి పోయింది. చాయ్ పెట్టనీకి చేతనైత లేదు." చేత్తో తడిమి ఒక పీట జరిపాడు. చెయ్యి గిన్నెలకు తగిలి ఒకటి దొర్లింది. దాన్ని మళ్ళీ వెతికి బోర్లించాడు. "మా గిన్నెలు సార్ ఇవి. దినాం కూర అటు పోతుండె, ఇటు వస్తుండె. ఎవల గిన్నె ఎవలింట్లున్నదో మాకే ఎరికలేకుండె. బావ పదోద్దినం అయిన తెల్లారి నాగి అన్ని తోమి తెచ్చి ఈడ పెట్టింది. ఒక్క మాట గూడ అనలె. తిడ్తె మంచిగుండు."

వంశీధర్ పీట మీద కూర్చున్నాడు. సంచి ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేశాడు. ఎలా అడగాలో బస్సులో నాలుగు విధాలుగా అనుకుని వచ్చాడు. ఒక్కటీ నోటికి రాలేదు. బాలనర్సింహే మొదలుపెట్టాడు.

"రేపు ఆఫీసర్ ముంగట చెప్పాలె గదా సార్. చెప్త. నేనే పెట్టిన, నేనే తియ్యలే అని చెప్త. ఇగ లొల్లి వద్దు."

"మొదట తీశానన్నారట కదా?"

"అన్న. పోలీసోల్లకు అన్న, దవఖానల డాక్టర్‌కు అన్న. పది మంది అడిగిండ్రు, పది మందికి తీసిన తీసిన అని చెప్పిన. చెప్తాంటె చెప్తాంటె నాకే అనుమానం గొట్టింది. నిజంగ తీసిన్నా? దినాం తీస్త గదా, ఆ దినాలన్ని కలిసిపోయి గిట్ల యాదికొస్తుందా? కండ్లకు కట్టు గట్టి పండవెడ్తె ఇంకేం పనుంటది సార్? అదే చూసుకుంట పండుకున్న. ఇప్పుడు సాఫ్‌గ కనపడ్తది. గోనె నోట్లనే ఉన్నది. నేను చేతులు తుడుసుకొని బయటికి పోతున్న. ఎనకకు తిరిగి గూడ చూడలె."

వంశీధర్ ఊపిరి వదిలాడు. ఇంకేం. వినడానికి వచ్చింది విన్నాడు. లేచి వెళ్ళిపోవచ్చు. చేతివేళ్ళు సంచి మూతి దగ్గరికి వాటంతటవే పోయాయి.

"ఇంకొకటి సార్," అన్నాడు బాలనర్సింహ. మసక కన్ను వంశీధర్ గొంతు వచ్చిన వైపు తిప్పాడు. "ఇది ఎవలికి చెప్పలె. మీకు చెప్తున్న. నాకు ఇనపడ్డది."

"ఏమిటి?"

"సైరను. బండి మీద రెండో దిమ్మ ఎక్కిస్తున్న. లోపల్కెల్లి సన్నగ గుయ్య్‌మన్నది. గొంతు పిసికితె ఎట్ల ఏడుస్తరు, గట్ల. గోనె అడ్డమున్నది గదా, బయటికి రాలె. నేను ఇన్న సార్. ఇని, మిషినే గావచ్చు అనుకొని దిమ్మ ఎక్కిచ్చుకుంట నిలవడ్డ. అప్పుడే ఉరికితె బావ బతుకుతుండె. ఎంత సేపో మొత్తుకున్నది. ఇప్పుడు గూడ ఇనపడ్తది. పండుకుంటె చెవుల అదే."

వంశీధర్ చేతులు సంచి మీద అలాగే ఉండిపోయాయి.

"ఎంతసేపు విన్నారు?" అని అడిగాడు.

"మూడు నాలుగు నిమిషాలుంటది సార్. నేను ఉరికినదాంక. ఆగకుంట ఏడ్సింది."

సైరనుకు ఆ రోజు కరెంటే చేరలేదు. మోగమన్న మాటే దానికి అందలేదు. గోనె ఉన్నా లేకున్నా దాని నోట్లోంచి చీమ చప్పుడు కూడా రాలేదు. ఆ మూడున్నర నిమిషాలూ ఫ్యాక్టరీలో జరిగింది కంప్యూటరు చలి ఎంతో రాసుకోవడం ఒక్కటే. ఈ సంగతి సేఠ్‌కు తెలియదు, రాధాకృష్ణమూర్తిగారికి తెలియదు, రేపటి అధికారికి తెలియదు. సంచిలోని ఎనిమిది పేజీలకు తెలుసు. వాటిని మోసుకొచ్చిన మనిషికి తెలుసు. పుట్టని శబ్దాన్ని ఈ మనిషి విన్నాడు. మూడు వారాలు చీకట్లో పడుకుని, అందరూ తలా ఒక చెయ్యి వేస్తే, తన తప్పును తనే ఇటుక ఇటుకగా కట్టుకుని, అందులోకి దిగి తలుపు వేసుకున్నాడు. గోనె కనబడటం కూడా అంతే అయి ఉంటుంది. లేనిది చెవికి వినబడినప్పుడు, లేనిది కంటికి కనబడదా?

ఉండే ఉంటుంది, ఉండే ఉంటుంది అని తను ఇన్నాళ్ళూ అనుకున్నది కూడా అలాంటి ఇటుకే. తేడా ఒకటి. బాలనర్సింహ కట్టుకున్న గదిలో తన మీద తనే రాయి వేసుకున్నాడు. వంశీధర్ కట్టిన గదిలో పడుకోవలసినవాడు కూడా బాలనర్సింహే.

"సార్? పోయిండ్రా?"

"ఉన్నాను."

"మీరు చదువుకున్నోల్లు. అట్ల ఇనపడంగనే ఉరకనోడు మనిషేనా సార్? నాగి నా మొకం చూస్తలేదంటె తప్పున్నదా?"

జవాబు కోసం ఆ ఎర్రటి కన్ను ఎదురు చూస్తోంది. అక్కడ, ఆ పీట మీద కూర్చునే, "మీరు వినలేదండి, అది మోగనే లేదు" అని చెప్పొచ్చు. చెబితే నమ్మడు. ఓదారుస్తున్నారనుకుంటాడు. మూడు వారాలు కష్టపడి సంపాదించుకున్న శబ్దాన్ని ఒక్క మాటకు వదులుకోడు. పట్టుకుని కూర్చుంటాడు. వదిలించగల మనిషి ఒక్కతే ఉంది. గిన్నెలు తెచ్చి బోర్లించిన మనిషి.

ఆమెకు చెబితే రేపు అందరికీ చెప్పినట్టే. ఆఫీసూ, ఆ క్యారేజీలు పంపిన పెద్దాయన ముఖమూ, తన పేరూ, ఏం మిగులుతాయో తెలియదు. ఆ తెలియనితనంలోకి తొంగి చూడబోయి ఆగాడు. చూస్తే మళ్ళీ మనసు ఎక్కడో ఒక మెట్టు వెతుక్కుని కూర్చుంటుంది.

వంశీధర్ లేచాడు. లేస్తుంటే పాదం తగిలి మళ్ళీ ఒక గిన్నె దొర్లింది. వంగి తీశాడు. దాన్ని కింద పెట్టలేదు. అలాగే చేత్తో పట్టుకున్నాడు.

"పోతున్నరా సార్?"

"లేదు. ఇక్కడే."

నల్లా దగ్గర తడి. ఆ తడి దాటి ఎనిమిది అడుగులు. ఎదురు తలుపు మూసి ఉంది. పాత చెక్క తలుపు, నడిమధ్యన ఇనప గొళ్ళెం. లోపల బిందె నేల మీద పెట్టిన చప్పుడైంది. ఎండ ఇంకా వాకిట్లోనే ఉంది. గొళ్ళెం వేడిగా ఉంది. పట్టుకోగానే చెయ్యి వెనక్కి వచ్చింది. వెనక్కి తిరిగి చూశాడు. బాలనర్సింహ తల ఒక పక్కకు వంచి, అడుగుల చప్పుడు ఎటు పోయిందో వింటున్నాడు.

వంశీధర్ గిన్నెను ఎడమ చేతిలోకి మార్చుకుని, గొళ్ళెం మళ్ళీ పట్టుకుని, తలుపు మీద రెండుసార్లు కొట్టాడు.